సంచారి యేరిన చిత్రములు: రాబర్ట్ ఫ్రాంకు ‘ది అమెరికన్స్’ గ్రంథ పరిశీలనము

దేశసంచారము చేసివచ్చినవాడు తాను చూచినదంతయు చెప్పజాలడు. చెప్పదలచినను వినువారికి ఓపిక చాలదు. అందువలన అతడు కొన్నింటిని ఏరుకొనును. పూర్వకాలమున ఈ ఏరుట మాటలయందు జరిగెను. ఛాయాచిత్రవిద్య వ్యాపించిన పిదప చిత్రములయందు జరుగుచున్నది. ఒక సంవత్సరము ఇల్లు విడిచి ఊరూరు తిరిగినవాడు తిరిగివచ్చి తన చిత్రములలో తనకు ప్రియమైనవానిని బంధుమిత్రుల యెదుట పరచుట నేడు ఎల్లెడల కనబడు ఆచారము. తీసినవాడు ఒక్కొక్క చిత్రమునకు ఒక్కొక్క కథ చెప్పును. చూచినవారు బాగున్నదని మెచ్చుకొందురు. ఆ కథను పక్కకు తొలగించిన పిమ్మట చిత్రమున నిలుచునది ఏమి? సంచారి దేనిని ఏరెను, దేనిని విడిచెను? దారినపోవుచు పరుల ముఖములను పట్టుకొని పోవుటకు అతనికి గల హక్కు ఎట్టిది?

ఈ ప్రశ్నలను విచారించుటకు మిక్కిలి తగిన గ్రంథము ‘ది అమెరికన్స్’. రాబర్ట్ ఫ్రాంకు 1955, 1956 సంవత్సరములలో అమెరికా సంయుక్త రాష్ట్రములందు కారులో తిరిగి తీసిన చిత్రములలో 83 మాత్రము ఇందు కలవు. ఈ గ్రంథమునకును తెలుగు దేశమునకును ప్రత్యక్ష సంబంధము లేదు. అయినను మాతృభాషాప్రాంతమునకు వెలుపల తరతరములుగా నివసించుచున్న తెలుగువారికి ఇది ఆలోచింపదగిన విషయము. అట్టివారిని చూడవచ్చినవారు కొందరు ఒక పూట ఉండి, నాలుగు చిత్రములు తీసుకొని పోవుదురు. దారినపోవువాడు స్థిరవాసులను గూర్చి చెప్పు సాక్ష్యము ఎంతవరకు చెల్లునో తెలిసికొనుట ఇట్టి సమాజములకు అనావశ్యకము కాదు.

సంచారి

ఫ్రాంకు 1924 నవంబరు 9వ తేదీన స్విట్జర్లాండులోని జూరిక్ నగరమున యూదు కుటుంబమునందు జన్మించెను. తండ్రి జర్మనీనుండి వచ్చి అచ్చట స్థిరపడినవాడు. 1941లో జర్మను ప్రభుత్వము విదేశములందున్న యూదుల పౌరసత్వమును హరించినప్పుడు ఆ తండ్రి ఏ దేశమునకును చెందనివాడయ్యెను. ఆ స్థితియే కుమారునికిని సంక్రమించెను. స్విస్ పౌరసత్వము 1945లో గాని వారికి లభింపలేదు. పుట్టి పెరిగిన ఊరిలోనే పరాయివాడుగా లెక్కింపబడిన యువకుడు తరువాత ఏ ఊరికి పోయినను, అచ్చట ఎవరు లోపలివారో ఎవరు వెలుపలివారో మొదట చూచుట వింత కాదు.

అతడు 1947లో న్యూయార్కు చేరి ‘హార్పర్స్ బజార్’ పత్రికకు అలెక్సీ బ్రోడోవిచ్ పర్యవేక్షణమున చిత్రములు తీసెను. 1948లో పెరూ, బొలీవియా దేశములందు తిరిగెను. తరువాత లండను, పారిస్, వేల్సు ప్రాంతములందు పనిచేసెను. 1955లో గుగ్గెన్‌హైమ్ సంస్థవారు అతనికి 3,600 డాలర్ల వేతనమును మంజూరు చేసిరి. దరఖాస్తు వ్రాయుటలో అతనికి తోడ్పడినవాడు, అమెరికా జీవితమును అంతకుముందే చిత్రించి పేరొందిన వాకర్ ఇవాన్స్. ఐరోపానుండి వచ్చి అమెరికాలో స్థిరపడుచున్న ఒకని కన్నులకు ఆ దేశమున కనబడునదేమో దానిని నమోదు చేయుదునని ఆ దరఖాస్తు సారాంశము. దేశమంతటిని చూపుదునని అతడు ప్రతిజ్ఞ చేయలేదు. తన కన్నులకు కనబడినంత మాత్రమే చూపుదుననెను. గ్రంథవిమర్శకు ఈ భేదము ముఖ్యమైనది.

అతడు వాడినవి ఒక పాత ఫోర్డు కారును, చేతిలో ఇముడు లైకా కెమెరాయును. 1955 వేసవియందు డిట్రాయిట్ ప్రాంతమున ఫోర్డు కర్మాగారమును చిత్రించి, శరత్కాలమున దక్షిణ రాష్ట్రములకు, అటనుండి పశ్చిమమునకు సాగి, 1956 నడుమకు న్యూయార్కు తిరిగివచ్చెను. పదివేల మైళ్ళకు పైబడిన ఆ ప్రయాణమున కొంత దూరము భార్యాబిడ్డలును అతనితో నుండిరి. 1955 నవంబరు 7వ తేదీన ఆర్కన్సా రాష్ట్రమునందలి మెక్‌గీ అను చిన్న పట్టణమున పోలీసులు అతనిని ఆపి, మాటలోని యాసను, కారులోని కెమెరాలను, పరభాషా కాగితములను చూచి అనుమానించి, కమ్యూనిస్టువా యని ప్రశ్నించి, వ్రేలిముద్రలు తీసికొని, కొన్ని గంటలు చెరసాలయందుంచిరి. సంచారి స్థిరవాసులను పరిశీలించుచుండగా స్థిరవాసులును సంచారిని పరిశీలించుచునేయుందురనుటకు ఈ సంఘటనము తార్కాణము.

ఏరిక

ఆ సంచారమున అతడు వాడిన ఫిల్ముచుట్టలు 767. వానియందలి చిత్రములు 27,000కు మించినవి. వానినుండి సుమారు వేయింటిని కాగితముపై ముద్రించి, గోడలకు గ్రుచ్చియు, నేలపై పరచియు, జాతిభేదము, మతము, రాజకీయము మున్నగు విషయములను బట్టి వింగడించి, త్రోసివేయుచు, మరల తెచ్చుచు, తుదకు 83 నిలిపెను. అనగా మూడువందల ఇరువదియైదింటికి ఒక్కటి చొప్పున మిగిలినదన్నమాట. తీయుట ఒక సంవత్సరపు పనియైనచో ఏరి కూర్చుట దాదాపు మరియొక సంవత్సరపు పని యయ్యెను.

సామాన్య సంచారి తనకు ప్రియమైనదని చూపు చిత్రము పెక్కుసారులు అతడు కష్టించి సంపాదించిన చిత్రము. తెల్లవారకముందే కొండయెక్కి తీసినది. వానలో మూడు గంటలు కాచియుండి తీసినది. దొంగలభయము గల దారిలో తీసినది. ఆ శ్రమ అతనికి కాగితమునందు కనబడుచునేయుండును. చూచువానికి కనబడదు. చూచువానికి దక్కునది కొండయు, వానయు మాత్రమే. అట్టి కొండలను అతడు ఇంతకుముందే పెక్కింటిని చూచియున్నాడు. కావున సంచారి తన చిత్రములను ఏరునప్పుడు చేయవలసిన మొదటి కఠినకార్యము తన జ్ఞాపకమును పక్కన పెట్టుట.

ఫ్రాంకు ఆ పని చేసినాడనుటకు గ్రంథమందు లేనివే సాక్ష్యము. నయాగరా జలపాతము ఇందు లేదు. గ్రాండు కేనియన్ లోయ లేదు. న్యూయార్కు రేవునందలి స్వాతంత్ర్యదేవత విగ్రహము లేదు. చిత్రలేఖల క్రింద నున్నవి హోబోకెన్, బ్యూట్, బ్యూఫర్ట్, విన్‌స్లో వంటి ఊళ్ళ పేరులు. బ్యూట్ అను గనులపట్టణమును అతడు చూపిన విధము గమనింపదగినది. ఒక హోటలు గది కిటికీకి ఇరువైపుల పలుచని తెరలు. వాని నడుమ క్రింద బూడిదవన్నె యిండ్ల కప్పులు, వీధి, ఆపై గనులు. ఊరెట్లున్నదో చెప్పుటతోపాటు చూచువాడు ఎచ్చట నిలిచి చూచుచున్నాడో కూడ ఆ చిత్రము చెప్పుచున్నది. ఒక రాత్రికి గది తీసుకొన్నవాడు కిటికీ తెరల సందునుండి చూచిన ఊరు అది. తెరలను తొలగించి తీసియున్నచో అది ఆ ఊరి చిత్రమై యుండెడిది. తెరలుండుటచే సంచారి చూచిన ఊరి చిత్రమైనది.

వరుస

ఏరిన చిత్రములను ఒకదాని వెంట ఒకటి నిలుపుటయును ఏరుటవంటిదే. గ్రంథము నాలుగు భాగములుగా నడచును. ప్రతి భాగమును అమెరికా జాతీయపతాకము గల చిత్రముతో ఆరంభమగును. మొట్టమొదటి చిత్రము న్యూజెర్సీలోని హోబోకెన్ పట్టణమున ఊరేగింపునాడు తీసినది. ఇటుకగోడకు రెండు కిటికీలు, కిటికీకి ఒక్కొక్క స్త్రీ. గాలికి ఎగిరిన జెండా ఒక స్త్రీ ముఖమును పూర్తిగా కప్పివేసినది. ఊరేగింపు చిత్రమున లేదు. చూడవచ్చినవారు మాత్రమే కలరు. ఉత్సవమును విడిచి ప్రేక్షకులవైపు తిరుగుట ఈ గ్రంథమంతటను కనబడు అలవాటు.

వరుసయొక్క బలమును తెలుపు మరియొక ఘట్టము నడుమ వచ్చును. కాలిఫోర్నియాలోని లాంగ్‌బీచ్ నందు రెండు తాటిజాతి చెట్ల నడుమ మెరయుచున్న గుడ్డ కప్పిన కారు ఒకటి. పుట త్రిప్పగానే అరిజోనాలో 66వ నంబరు రహదారి ప్రక్కను మంచు పడుచుండగా దుప్పటి కప్పిన మృతదేహము. దానిచుట్టు నిలిచి చూచుచున్న నలుగురు. మరల పుట త్రిప్పగానే న్యూమెక్సికోలో అంతులేక సాగిపోవు ఖాళీ రహదారి. ఒక్కొక్కటిగా చూచినచో మొదటిది సౌభాగ్యచిహ్నము, రెండవది దుర్ఘటన, మూడవది ప్రకృతిదృశ్యము. వరుసగా చూచినచో జాగ్రత్తగా కప్పి దాచుకొన్న వస్తువును, అదే వస్తువు తెచ్చిన మరణమును, అయినను ఆగని ప్రయాణమును ఒకే వాక్యముగా పలుకును. ఈ వాక్యము ఏ రహదారిమీదను జరిగినది కాదు, కూర్పునందు పుట్టినది.

ట్రాము చిత్రము

గ్రంథమునందు ఎక్కువగా ప్రసిద్ధికెక్కినది న్యూఆర్లియన్సు నగరమునందలి ట్రాము చిత్రము. మెక్‌గీ చెరసాలనుండి వెలువడిన కొద్ది దినములకే తీసినది. ట్రాముబండి ప్రక్కభాగము చిత్రమునకు అడ్డముగా నిండియున్నది. కిటికీలు ఐదు. మొదటిదానియందు అద్దముమీది ప్రతిబింబముచే మసకబారిన ముఖముగల తెల్లజాతి పురుషుడు. రెండవదానియందు తెల్లజాతి స్త్రీ. మూడవదానియందు ఇద్దరు తెల్లజాతి పిల్లలు. నాలుగవదానియందు నల్లజాతి పురుషుడు. ఐదవదానియందు నల్లజాతి స్త్రీ. ఆ కాలమున లూసియానా రాష్ట్రశాసనము ప్రకారము తెల్లవారు ముందును, నల్లవారు వెనుకను కూర్చుండవలెను. న్యూఆర్లియన్సు ట్రాములలో ఆ నియమము 1958లో తొలగెను.

ఆ నగరవాసులు ఆ బండిని దినదినము ఎక్కుచు దిగుచుండినవారు. తెల్లవారిలో పెక్కుమందికి అది వింతగా తోచలేదు. అలవాటు కన్నులను మూయును. నల్లవారికి అది తెలియని విషయము కాదు. చెప్పినను చాలకాలము వినబడలేదు. పరదేశమునుండి వచ్చినవాడు దానిని ఒక్క చూపున ఐదు గళ్ళుగా చూచెను. చిత్రము తీసిన కొన్ని వారములకే, 1955 డిసెంబరు 1వ తేదీన, అలబామా రాష్ట్రమునందలి మంట్‌గమరీ నగరమున రోసా పార్క్స్ బస్సులో తన ఆసనమును విడువ నిరాకరించి బంధింపబడెను. ఆ వార్త తెలిసి తీసిన చిత్రము కాదిది. అయినను ఆ పోరాటమునకు కారణమేమో దీనికంటె క్లుప్తముగా చెప్పినవి అరుదు. నాలుగవ కిటికీయందలి పురుషుడు నేరుగా కెమెరావైపు చూచుచున్నాడు. ఆ చూపున వేడుకోలును చదువవచ్చును, అలసటను చదువవచ్చును, ప్రశ్నను చదువవచ్చును. చదువుటకు ప్రేక్షకునకు స్వేచ్ఛ కలదు; చెప్పుటకు ఆ పురుషునకు గ్రంథమందు తావు లేదు. ఈ లోపమును ముందు విచారింపవలసియున్నది.

ఆక్షేపణలు

గ్రంథము మొదట వెలువడినది అమెరికాలో కాదు. 1958లో పారిస్ నగరమున రాబర్ట్ డెల్పీర్ దానిని ప్రచురించెను. అందు చిత్రములతోపాటు అమెరికాను గూర్చి పలువురు రచయితల వ్రాతలును చేర్చబడెను. 1959 నాటి గ్రోవ్ ప్రెస్ వారి అమెరికా ముద్రణమున ఆ వ్రాతలు తీసివేయబడి, జాక్ కెరువాక్ పీఠిక ఒక్కటి నిలిచెను. తరువాత ఛాయాచిత్రకారులకు పాఠ్యగ్రంథమువంటిదైన ఈ సంపుటము మొదట తిట్లనే ఎక్కువగా తిన్నది. ‘పాపులర్ ఫొటోగ్రఫీ’ పత్రికయందలి విమర్శకులు చిత్రములు మసకగాను, వంకరగాను ఉన్నవనియు, తీసినవానికి ఆ దేశముపై ద్వేషమే గాని ప్రేమ లేదనియు ఆక్షేపించిరి.

మొదటి ఆక్షేపణకు సమాధానము సులభము. మసకవెలుతురు గల మద్యశాలయందు అదనపు వెలుగు వేసి తీసినచో ముఖములు స్పష్టమగును, మద్యశాల మాయమగును. రెండవ ఆక్షేపణ అంత తేలికగా త్రోసివేయదగినది కాదు. అయినను న్యాయమైనదియు కాదు. గ్రంథము ముగింపు సమీపించునప్పుడు జంటల చిత్రములు వచ్చును. మిషిగన్ రాష్ట్రమునందలి ఆన్ ఆర్బర్ ఉద్యానమున కార్ల చెంత గడ్డిపై పరుండిన యువజనులును, రీనో నగర కార్యాలయమున నవ్వుచున్న నవదంపతులును ద్వేషించువాని కన్నులకు కనబడువారు కారు. దక్షిణ కెరొలైనాలోని ఒక కాఫీశాలయందు, నాణెము వేసిన పాట వినిపించు జ్యూక్‌బాక్సు ప్రక్కను నేలపై పరుండిన పసిబిడ్డ చిత్రమున జాలికంటె ఆశ్చర్యమే అధికము.

నిజమైన లోపము మరియొకటి. ఫ్రాంకు చిత్రించిన స్థలములను వరుసగా లెక్కించి చూచినచో అవి వీధి, ఉద్యానము, హోటలు, మద్యశాల, సభాస్థలము, శ్మశానమునకు పోవు దారి, ట్రాము, లిఫ్టు మున్నగునవి. ఇవన్నియు అపరిచితుడు పిలువకయే ప్రవేశింపగల చోటులు. ఇండ్ల లోపలి బ్రతుకు దాదాపు కనబడదు. తల్లి వంటచేయుట, తండ్రి బిడ్డకు చదువు చెప్పుట, ముసలివారికి సేవచేయుట కానరావు. ఈ గ్రంథమున అమెరికనులు ఒంటరివారుగా కనబడుటకు వారి స్వభావము కొంత కారణమైయుండవచ్చును. వారిని ఇంటివెలుపల మాత్రమే చూచుట అంతకంటె పెద్ద కారణము. ఇంటివెలుపల అపరిచితుని కంటబడిన మనుష్యుడు ఏ దేశమునందైనను కొంత ఒంటరివాడే.

ఫ్రాంకునకు ఇంటిలోనికి పోవుట తెలియక కాదు. 1953లో వేల్సు బొగ్గుగనుల ప్రాంతమున కేరా గ్రామమున బెన్ జేమ్స్ అను గనికార్మికుని జీవితమును అతడు చిత్రించియుండెను. అచ్చట కార్మికుని యిల్లు కలదు, సంసారము కలదు, తోడివారు కలరు. అన్నిటికంటె ముఖ్యముగా అతని పేరు కలదు. ఒక్క మనుష్యుని చెంత నిలిచినప్పుడు అతనికి పేరు దొరకినది. దేశమంతయు తిరిగినప్పుడు దేశము దొరకినది, పేరులు జారిపోయినవి.

పేరులేని ముఖములు

‘ది అమెరికన్స్’ గ్రంథమున కుడిపుటయందు చిత్రము, ఎడమపుటయందు దాదాపు శూన్యము. లేఖయందు సందర్భమును, ఊరును చెప్పు రెండు మూడు మాటలు తప్ప వేరేమియు లేదు. అందలివారు ఎవరో, ఏమి పనిచేయువారో చెప్పబడదు. చార్ల్‌స్టన్ నగరమున తెల్లజాతి శిశువును ఎత్తుకొని నిలిచిన నల్లజాతి దాది చిత్రము లోకప్రసిద్ధమైనది. దాది పేరు లేదు, శిశువు పేరును లేదు. గ్రంథము పేరు ‘అమెరికనులు’. అందు పేరుగల అమెరికనుడు మాత్రము అరుదు.

మయామీబీచ్ హోటలునందు లిఫ్టు నడపు యువతి చిత్రము ఈ విషయమున మిక్కిలి బోధకరము. ఎక్కిదిగువారు నీడలవలె కదలిపోవుచుండగా ఆమె ఒక్కతె పైకి చూచుచు ఏదో తలపోయుచున్నది. కెరువాక్ తన పీఠికయందు ఆ పిల్ల పేరేమి, చిరునామా ఏమి యని అడిగెను. వేళాకోళముగా అడిగినట్లున్నను గ్రంథమును గూర్చి అడుగదగిన అసలు ప్రశ్న అదియే. ఎన్నో సంవత్సరములకు పిమ్మట ఒక స్త్రీ శాన్‌ఫ్రాన్సిస్కోలోని చిత్రశాలయందు ఆ చిత్రమును చూచి, అందున్నది తానేయని గుర్తించెను. లోకమంతయు ఆమె ముఖమును చూచి, అందు ఏకాంతమును, విచారమును చదివి, వ్యాసములు వ్రాసిన పిదప గాని ఆమెకు తన చిత్రము చేరలేదు. తీసినవాడు దొంగిలించెననుట అతిశయోక్తి. ఋణపడెననుట అతిశయోక్తి కాదు.

తెలుగు పాఠకునకు ఇచ్చట ఏనుగుల వీరాస్వామయ్య గుర్తుకువచ్చుట సహజము. మద్రాసు సుప్రీంకోర్టునందు దుబాసీగా నుండిన ఆయన 1830 మే 18వ తేదీన బయలుదేరి, కాశీయాత్ర ముగించుకొని 1831 సెప్టెంబరు 3వ తేదీన మరలివచ్చెను. ఆయన ‘కాశీయాత్ర చరిత్ర’ 1838లో అచ్చయ్యెను. ఛాయాచిత్రవిద్య లోకమునకు వెల్లడియైనది ఆ మరుసటి సంవత్సరము. మజిలీ మజిలీకి ఎంతదూరము, నీటివసతి ఎట్టిది, అంగళ్ళు కలవా, మనుష్యుల ఆచారమేమి యని ఆయన వ్రాసి పెట్టెను. ఆయనయును దారినపోవువాడే, ఆయన చూచినదియును కొంత మాత్రమే. కాని మాటతో పనిచేయువాడు ప్రశ్నింపక వ్రాయలేడు. ఊరిపేరు అడుగవలెను, బావి యెచ్చటనో అడుగవలెను. కెమెరాతో పనిచేయువాడు ఏమియు అడుగక తీసుకొని పోగలడు. ఈ సౌకర్యమే దాని బలము, అదియే దాని దోషము.

ఫ్రాంకు పక్షమున చెప్పదగిన మాటయు ఒకటి కలదు. గ్రంథమునందలి కడపటి చిత్రము టెక్సాసులో 90వ నంబరు రహదారి ప్రక్కను ఆపిన కారు. సగము కారు, ఒక్క దీపము; లోపల నిద్రమొగమున ఒదిగియున్న స్త్రీయు, పిల్లవాడును. వారు ఫ్రాంకు భార్యయు కుమారుడును. లేఖయందు మాత్రము రహదారి సంఖ్యయు, పోవుచున్న ఊరి పేరును తప్ప ఏమియు లేదు. పరులకు ఈయని పేరును తనవారికిని ఈయలేదు. ఎనుబదిరెండు చిత్రములలో పరులను నిలిపిన చోటనే తన సంసారమును నిలిపి గ్రంథమును ముగించెను. ఇది న్యాయబుద్ధిగల ముగింపు. అయినను ఇంటివారి పేరులు అతనికి తెలియును. దాది పేరు తెలియదు. తెలిసి విడుచుటయు, తెలియక విడుచుటయు ఒకటి కావు.

మిక్కిలి ప్రియమైన చిత్రము

ఈ గ్రంథమందు తనకు మిక్కిలి ప్రియమైనది ఏదియో ఫ్రాంకు తరువాతి కాలమున తానే చెప్పెను. అది ట్రాము చిత్రము కాదు, జెండా చిత్రము కాదు. 1956లో శాన్‌ఫ్రాన్సిస్కో నగరమున ఒక గడ్డిదిబ్బపై తీసినది. నల్లజాతి దంపతులవలె కనబడు ఇద్దరు గడ్డిపై కూర్చుండి, దిగువను పరచుకొనియున్న తెల్లని నగరమును చూచుచుండిరి. ఫ్రాంకు వెనుకనుండి వచ్చి కెమెరా ఎత్తెను. వారు అలికిడి విని వెనుదిరిగిరి. పురుషుని ముఖమున కోపము. స్త్రీ ముఖమున అప్రసన్నత. ఆ క్షణమే చిత్రమైనది.

ఇతర సంచారులు ఇట్టి చిత్రమును పారవేయుదురు. పరుల ఏకాంతమును భంగపరచి పట్టుబడిన చిత్రమును నలుగురికి చూపుటకు సిగ్గుపడుదురు. చిరునవ్వుతో నిలిచిన పల్లెవారిని, చేయి ఊపిన పిల్లలను ఏరి, తాము పోయినచోట్లనెల్ల ప్రేమతో ఆదరింపబడితిమని చాటుదురు. ఫ్రాంకు దానికి విరుద్ధముగా, తనను వలదన్న ముఖములనే తనకు ప్రియమైనవిగా ఎంచెను. అందు అతనికి నచ్చినదేమి? ఆ ఇద్దరి చూపులో ఒక మాట కలదు: నీవెవరు, మా వెనుక నీకేమి పని? గ్రంథమునందలి తక్కిన చిత్రములలో ప్రేక్షకుడు చూచువాడు, అందలివారు చూడబడువారు. ఇందు ఆ స్థానములు తారుమారైనవి. ఆ చూపు ఫ్రాంకును దాటి నేడు పుట త్రిప్పు ప్రతివానిపైనను వ్రాలుచున్నది.

ఫ్రాంకు గ్రంథమునకు గల నైతికబలము ఈ చిత్రమునందున్నది. పేరులు అడుగని దోషము దీనిచే మాసిపోదు. కాని దోషము కలదని ఒప్పుకొనుట ఇందు కలదు. అదియును పీఠికలో మాటలతో గాక, గ్రంథము నడుమ సాక్ష్యముగా నిలుపుటచే కలదు. తన సాక్ష్యమునకు గల హద్దులను తానే చూపు సాక్షి నమ్మదగినవాడు. ట్రాము చిత్రమును తీసిన కన్ను స్థిరవాసులు చూడని సత్యమును చూచెను. దిబ్బమీది చిత్రము ఆ కన్ను అడుగకయే వచ్చినదను సత్యమును చూపెను. మొదటిది లేనిచో రెండవది వట్టి అమర్యాద. రెండవది లేనిచో మొదటిది కొంత గర్వము.

ఈ గ్రంథము తరువాత ఫ్రాంకు ఇట్టి సంచారచిత్రములను విడిచి చలనచిత్రములవైపు మరలెను. 1970వ దశకారంభమునుండి కెనడాలోని నోవాస్కోషియా ప్రాంతమున మాబూ అను సముద్రతీరగ్రామమున నివాసమేర్పరచుకొని, చాలకాలము అచ్చట గడపెను. ఆ కాలపు చిత్రములలో తన కిటికీ, తన సముద్రము, తన దుఃఖము కనబడును. కొన్నింటిపై చేవ్రాతతో మాటలును గీయబడెను. చిత్రము ఒక్కటి చాలదని, మాటయు కావలెనని తోచినట్లున్నది. అతడు 2019 సెప్టెంబరు 9వ తేదీన తొంబదినాలుగవ యేట మరణించెను.

ముగింపు

సంచారి చిత్రములకు రెండు పరీక్షలు చెల్లును. అందున్న విషయము స్థిరవాసులు అలవాటుచే చూడనిదేనా యనునది మొదటిది. సంచారి తాను నిలిచిన చోటును దాచక చూపెనా యనునది రెండవది. మొదటి పరీక్షయందు ‘ది అమెరికన్స్’ ఉన్నతముగా నెగ్గినది. రెండవదానియందు బ్యూట్ కిటికీ, టెక్సాసు కారు, శాన్‌ఫ్రాన్సిస్కో దిబ్బ అను మూడు చిత్రములచే నెగ్గినది. చూడబడినవారికి పేరు మిగిలెనా యని మూడవ ప్రశ్న వేసినచో మాత్రము ఆ గ్రంథము తలవంచవలెను.

ఈ మూడవ ప్రశ్నకు సమాధానము సంచారి చేతిలో కంటె స్థిరవాసుల చేతిలోనే ఎక్కువగా నున్నది. అమ్మమ్మల పెట్టెలలోను, సంఘముల గోడలమీదను, బడుల వార్షికోత్సవ చిత్రములలోను వరుసలు తీరి నిలిచినవారిలో ఎందరి పేరులు నేటి పిల్లలకు తెలియును? ఒక తరము గడచినచో ఆ ముఖములును మయామీ లిఫ్టులోని యువతి ముఖమువలెనే ఊరుపేరు తెలియని అందమైన ముఖములగును. అప్పుడు ఎవ్వరేమి చదివినను కాదనువారుండరు. పేరులు చెప్పగల పెద్దలు జీవించియుండగనే ఆ చిత్రముల వెనుక తెలుగక్షరములతో ఎవరు, ఎవరి బిడ్డలు, ఏ యేట, ఏ ఊరని వ్రాసియుంచుట ఖర్చులేని పని. దారినపోవువాడు ఏరిన చిత్రములకు అదియే తగిన ప్రత్యుత్తరము.